వేఁటకాని దినచర్యయు నిఘంటువులోని పక్షియు

తెలుఁగు నిఘంటువులను తిరుగవేయువారికి “పక్షివిశేషము” అను అర్థము పలుమాఱు ఎదురగుచుండును. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమునందును, దానికి పూర్వపు పద్యనిఘంటువులయందును, పక్షిని పక్షివిశేషమనియు, మృగమును మృగవిశేషమనియు, చేపను మత్స్యవిశేషమనియు చెప్పి ముగించుట తఱచు కాననగును. విశేషమనఁగా ఒక వస్తువును తక్కినవానినుండి వేఱుచేయు ధర్మము. నిఘంటువు విశేషము కలదని చెప్పుచున్నది గాని, ఆ విశేషమెట్టిదో చెప్పుట లేదు. ఇది నిఘంటుకర్తల యలసత్వము కాదు. వారికి ప్రమాణములు కావ్యములు. కావ్యమున పేరు గలదు, ఒకానొకచో రంగో కూఁతయో గలదు. పక్షిని గుర్తించుటకు వలయు తక్కిన వివరము లేదు. లేని వివరమును కల్పింపక “విశేషము” అని విడుచుట యొక విధముగా వారి నిజాయితీయే యనవలెను.

ఈ కొఱఁత యెట్టిదో రామచంద్రపురమువంటి యూర చక్కఁగా తెలియును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు పాఱిన తూర్పు డెల్టాలో ఈ యూరు గలదు. చుట్టును వరిచేలు, కాలువలు, చెఱువులు. చేరువనే శ్రీనాథుఁడు భీమేశ్వరపురాణమున కీర్తించిన దాక్షారామము. తూర్పుదెసను, సముద్రతీరమున, కోరంగి మడయడవులు. ఇట్టిచోట బడికి వచ్చు రైతుబిడ్డ చేనిగట్టు పక్షులను కంటితో నెఱుఁగును. వాని గురువు పక్షినామములను కావ్యములలో నెఱుఁగును. బాలుఁడు చూచిన పక్షియే గురువు చదివిన పక్షియగునా యనుప్రశ్నకు ఉత్తరమిచ్చు గ్రంథము ఆ బడిలో లేదు. ఈ రెండెఱుకలను కలుపఁగల గ్రంథజాతి యొకటి కలదు. వేఁటకాఁడు వేఁట నడుమ తాను చూచినదానిని నాఁటికి నాఁడు వ్రాసికొనిన దినచర్యయే యది. సాహిత్యపరిశోధకులు దానిని తమది కాదని విడిచిపెట్టినారు. దాని గుణదోషములను నిర్ణయించి, భాషాసేవకు అది యెంతవఱకు పనికివచ్చునో విచారింపవలసియున్నది.

వేఁటను వర్ణించుట మన వాఙ్మయమునకు కొత్త కాదు. దండి కావ్యాదర్శమున మహాకావ్యమునకు విధించిన వర్ణనలలో మృగయ లేదు. పదునాలుగవ శతాబ్దివాఁడగు విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున దానిని చేర్చెను. లక్షణకారు లెట్లు చెప్పినను తెలుఁగు ప్రబంధకవులు వేఁటయందు మక్కువ చూపిరి. మనుచరిత్రమున స్వరోచి వేఁటయు, కాళహస్తిమాహాత్మ్యమున తిన్నని వేఁటయు ప్రసిద్ధములు. తిన్ననిది కడపసీమలోని పొత్తపినాఁడు. ధూర్జటి ఆ బోయల బ్రతుకును, వారి వేఁటకుక్కలను, వేఁటనేర్పును సమీపమునుండి చూచినవానివలె చెప్పెను. వేఁటకు సంబంధించిన దేశ్యపదములు మనకు మిగిలియుండుటకు ఇట్టి ఘట్టములే ముఖ్యకారణము. కాని యీ వేఁటలలో మృగములు గుంపులుగా వచ్చి గుంపులుగా పడును. ఏ మృగము ఏ వేళ నీటికి దిగును, ఏది యొంటిగా తిరుగును, ఏది పిల్లలతో నున్నప్పుడు తిరుగఁబడును అను భేదములు ఆ ఘట్టములకు ప్రధానములు కావు. కవికి కావలసినది వీరము, అద్భుతము, భయానకము. వానికి పేర్ల వరుసయు, దాని నడకయు చాలును. రసమునకై పుట్టిన వర్ణనమును శాస్త్రము కాలేదని నిందించుట యుచితము కాదు. దానినే శాస్త్రప్రమాణముగా తీసికొని నిఘంటువు కూర్చుటయు అంతే యనుచితము.

కవులు చూడలేదనుటయు తప్పు. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున విల్లిపుత్తూరు వర్ణనములోని బాతువుల ఘట్టము పండితులందఱు ఎఱిఁగినదే. పొలము కాలువల నడుమ బాతువులు తలలను ఱెక్కలలో దూర్చి నిద్రించుచుండును. తెల్లవాఱుజామున స్నానము చేసి పోయిన బ్రాహ్మణులు మఱచి విడిచిన పిడుచ బట్టలని తలంచి, వానిని వారి యిండ్లకు చేర్ప కావలివాండ్రు రేవు దిగుదురు, బాతువులు పరుగిడును, వరిచేల కావలికత్తెలు నవ్వుదురు. ఇందు చమత్కారమెంత గలదో పరిశీలనమంత గలదు. బాతువు నిద్రించు రీతి, నిద్రించు చోటు, వేళ, మనుష్యుఁడు దరికి వచ్చినప్పటి చేష్ట — నాలుగును సత్యములు. రాజై వేఁటయు దండయాత్రయు నెఱిఁగిన కవి కన్నది ఇది. అయినను ఈ పద్యము దినచర్య కాఁజాలదు. అవి ఊరబాతువులో, వలసవచ్చిన యడవిబాతువులో, ఏ మాసమున చూడఁబడినవో పద్యము చెప్పదు. చెప్పవలసిన పనియు దానికి లేదు. కావ్యమునకును దినచర్యకును గల భేదము ఇక్కడనే తేటపడును. కావ్యము ఒక్క చూపును శాశ్వతము చేయును. దినచర్య పెక్కుచూపులను ఒకదానితో నొకటి పోల్చుటకు వీలుగా నిలుపును.

మన దేశమున రాజులు వేఁటను వ్రాతకు ఎక్కించిన యుదాహరణములు కొన్ని గలవు. కల్యాణిచాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు 1130 ప్రాంతమున కూర్చిన మానసోల్లాసమున మృగయావినోదము, శ్యేనవినోదము, మత్స్యవినోదము వేర్వేఱుగా చెప్పఁబడినవి. చేపల జాతులను, వానికి వేయు మేఁతను, గాలమునకు గ్రుచ్చు ఎరను చెప్పు భాగములు చేతితో చేసి తెలిసికొన్నవాని పలుకులవలె నున్నవి. హంసదేవుని మృగపక్షిశాస్త్రము మఱియొక తెరువు. రాజు వేఁటకు పోయి, మృగములను చూచి మనసు మాఱి, వాని స్వభావమును చెప్పు శాస్త్రమును కోరెనని దాని యుత్పత్తికథ. 1927లో దాని యాంగ్లానువాదము కాళహస్తిలో ముద్రితమైనది. తిన్నని కథకు సంబంధించిన క్షేత్రముననే, వేఁట మాని పుట్టిన శాస్త్రము అచ్చుపడుట గమనింపఁదగినది. కాని హంసదేవుఁడు జంతువులను గుణములనుబట్టి వర్గీకరించెనే గాని, ఎక్కడ నెప్పుడు చూచెనో చెప్పలేదు. మొదటిది వినోదగ్రంథము, రెండవది శాస్త్రము. దినచర్య యనఁదగినది రెంటిలో నొకటియు కాదు.

ఆ పేరునకు తగినది జహంగీరు చక్రవర్తి స్వీయచరిత్ర. తన రాజ్యకాలమున పదునొకండవ యేఁట, అనఁగా 1616 ప్రాంతమున, అతఁడు తన వేఁట లెక్కలను తీయించెను. పండ్రెండవయేఁటినుండి ఏఁబదియవయేఁటివఱకు తన యెదుట పడిన జంతువులు 28,532. అందు తన చేత కూలినవి 17,167. ఈ గణన మొక్కటియే మిగిలియున్నచో ఆ గ్రంథమును హింసాపట్టికగా ప్రక్కకు నెట్టవచ్చును. కాని అదే చేయి లైలా, మజ్నూ అని పేరిడి పెంచిన సారసపక్షుల జంటనుగూర్చియు వ్రాసినది. అవి జతకట్టుట, గ్రుడ్లిడుట, రాత్రి ఆఁడుపక్షి పొదుగుచుండఁగా మగపక్షి కావలి నిలుచుట, పిల్లలను సాఁకుట యన్నియు వరుసగా అందు గలవు. చంపినవానిని లెక్కించిన పుటకంటె బ్రతికినవానిని కనిపెట్టిన పుటయే నేఁడు పక్షిశాస్త్రజ్ఞులకు విలువైనది. వేఁటకాని దినచర్యను చదువువాఁడు మొదట నేర్వవలసిన వివేకము ఇదియే: ఒక్క పుస్తకమున రెండు పుస్తకములుండును, వానిని వేఱుచేసి చదువవలెను.

తెలుఁగుదేశమునకు సంబంధించిన దినచర్యలలో ముఖ్యములైనవి పంతొమ్మిదవ శతాబ్ది నడుమ నివసించిన యిద్దఱు కుంపిణీ యుద్యోగులవి. థామస్ జెర్డను నెల్లూర వైద్యాధికారిగా నుండి, అడవిలో బ్రతుకు యానాదుల సాయమున ఆ ప్రాంతపు జంతువులను పరిశీలించెను. అతఁడు 1862–64లలో పక్షులనుగూర్చియు, 1867లో స్తన్యజంతువులనుగూర్చియు గ్రంథములను ప్రకటించెను. వాల్టరు ఎలియట్టు 1845 మొదలు 1854 వఱకు ఉత్తరసర్కారుల కమిషనరు. రాజమహేంద్రవర మండలమును ఆతని యధికారములోనిదే. అమరావతి శిల్పములను త్రవ్వించినవాఁడుగా చరిత్రకారులకు పరిచితుఁడైన ఇతఁడు మంచి వేఁటకాఁడు; ఇతని జంతుపరిశీలనములు జెర్డను గ్రంథమున చేరినవి. 1859లో ఇతఁడు ఉత్తరసర్కారుల మొక్కల తెలుఁగుపేర్లను సమకూర్చి ఫ్లోరా ఆంధ్రికా అను గ్రంథమును వెలువరించెను. ఈ యిద్దఱును లాటిను పేరు ప్రక్కన దేశ్యనామమును వ్రాయుట నియమముగా పెట్టికొనిరి. ఆ నియమమే వారి వ్రాతలను తెలుఁగు పండితునకు ఆస్తిగా చేయుచున్నది.

రెండుదాహరణములు చాలును. గఱికబీళ్లలో తిరుగు మిక్కిలి పెద్దదగు నొక పక్షికి జెర్డను బట్టమేక యను తెలుఁగు పేరును గుర్తించెను. పదమును మాత్రమే చూచు నిఘంటుకారుఁడు మేక యను నుత్తరపదమునుబట్టి దీనిని మృగవిశేషమని వ్రాసినను ఆక్షేపించుటకు తావుండదు. వస్తువును చూచినవాఁడు మాత్రమే అది పక్షియని చెప్పఁగలఁడు. నాఁటి కర్నూలు మండలమున రోళ్లపాడు అభయారణ్యము ఈ పక్షికొఱకే యేర్పడినది. ఇట్లే నేలనెమలి. ఇది నెమలిజాతిది కాదు, బట్టమేకకు చుట్టము. వానకాలమున మగపక్షి గఱికలోనుండి మాటిమాటికి పైకి ఎగిరి కనఁబడి మరల గఱికలో మునుఁగును. నెమలియాటను తలపించు ఈ చేష్టను చూచిన పిదప గాని ఆ పేరు పెట్టినవాని చూపు మనకు పట్టువడదు. దేశ్యనామము వట్టి గుర్తు కాదు, ఒక పరిశీలనఫలము. ఆ పరిశీలనమును తిరిగి చూపునది దినచర్య.

దినచర్య విలువను, దాని కొఱఁతను, రెంటిని ఒక్కసారిగా చూపునది కలివికోడి చరిత్ర. జెర్డను సంపాదించిన నమూనానుబట్టి బ్లైతు 1848లో దీనిని శాస్త్రలోకమునకు తెలిపెను. జెర్డను దీని తెలుఁగుపేరును అడవి ఉత్తటిట్టి యని వినఁబడునట్లు ఆంగ్లలిపిలో వ్రాసికొనెను. బ్లాన్‌ఫర్డు 1871 నాఁటికి గోదావరిలోయలో సిరోంచ, భద్రాచలముల చెంత దీనిని చూచెను. 1900లో అనంతపుర ప్రాంతమున కాంప్‌బెల్లు చూచిన తరువాత ఎనుబదియైదేండ్లకు పైగా దీని జాడ యెవరికిని దొరకలేదు; జాతియే నశించెనని తలంచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణుఁడు వెదకుచుండఁగా, కడప మండలమున లంకమల కొండల చెంత రెడ్డిపల్లె గ్రామస్థుఁడొకఁడు రాత్రివేళ దీవెవెలుఁగున దీనిని సజీవముగా పట్టెను. పండితలోకము పోయినదనుకొన్న పక్షిని ఆ చుట్టుపట్ల వేఁటాడువారు ఎఱుఁగుదురు. ఆ తుప్పయడవికై శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము తరువాత నేర్పడినది. లంకమల తిన్నని పొత్తపినాఁటికి దూరము కాదు.

ఎనుబదియేండ్ల యీ యెడమునకు కారణములలో నొకటి పాతదినచర్యల లోపమే. ఈ పక్షి రాత్రించరము. పగలు తుప్పలలో నణఁగియుండును. తొలి వేఁటకాండ్రు దీనిని కొట్టిన చోటును చెప్పిరి గాని, ఇది మెలఁగు వేళను తేటపఱుపలేదు. పిదప వెదకినవారు దీనిని పగటిపక్షిగానే తలంచి పగలే వెదకిరి. ఒక్క వివరము వ్రాయని ఫలమిది. వేఁటకానికి పక్షి దొరకినతోడనే కథ ముగియును. పరిశీలకునకు అక్కడనే మొదలగును. దొరకిన పక్షిని కొలిచి, ఈకలను లెక్కించి, బ్రతికియున్నప్పటి నడవడిని విడిచిన దినచర్య సగము దినచర్యయే.

రెండవ లోపము భాషకు సంబంధించినది. ఆంగ్లలిపిలో వ్రాసిన దేశ్యనామమున హ్రస్వదీర్ఘములు తెలియవు. త, ట లకు భేదము లేదు. శకటరేఫమునకు గుర్తు లేదు. ఉత్తటిట్టియో, ఊతతిత్తియో జెర్డను వర్ణక్రమమునుబట్టి నిశ్చయింపరాదు. సంస్కృతమున టిట్టిభము, తెలుఁగున తీతువు అను పేర్లు కూఁతనుబట్టి వచ్చినవనుట నిస్సంశయము. ఈ పేరు చివరి భాగమును ఆ కోవకు చెందినదే కావచ్చునని ఊహించుటకు వీలున్నది. అట్లే కలివికోడి యనుపేరు ఆ పక్షి తిరుగు కలివిపొదలను చెప్పుచున్నది. ఒక పేరు కూఁతను, మఱియొక పేరు చోటును నిలిపినవి. ఇట్టి విచారణమునకు పక్షిశాస్త్రజ్ఞుఁ డొక్కఁడు చాలఁడు. వ్యాకరణము, దేశ్యము, మాండలికోచ్చారణము ఎఱిఁగిన పండితుఁడు తోడుపడవలెను. మూఁడవ లోపము: పేరు చెప్పినవాఁడు ఏ యూరివాఁడో, ఏ వృత్తివాఁడో తఱచుగా వ్రాయలేదు. పదము నెల్లూరిదో గోదావరిదో తెలియనిచో మాండలికవిమర్శకు అది సగమే యుపకరించును.

ఇఁక నొక యాక్షేపము మిగిలియున్నది. హింసనుండి పుట్టిన గ్రంథములను ఆదరించుట తగునా యని యడుగవచ్చును. 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణశాసనము పిదప వేఁట నేరమైనది. అది యట్లే యుండవలసినదే. దినచర్యను మెచ్చుట తుపాకిని మెచ్చుట కాదు. ఈ భేదమును సలీం ఆలీ బాల్యపు వ్రాత చక్కఁగా చూపును. 1906–07 ప్రాంతమున, పదేండ్లవాఁడై, అతఁడు బొంబాయిలో ఇంటి గుఱ్ఱపుసాలలోని పిచ్చుకగూటికడ కాచి, కావలియున్న మగపిచ్చుకను కొట్టెను. ఆఁడుపిచ్చుక మఱియొక మగనిని తెచ్చుకొనెను. ఏడుదినములలో ఎనిమిది మగపిచ్చుకలు ఆ చోటనే పడినవి. ప్రతిసారియు ఆఁడుపిచ్చుకకు వేఱొక మగపిచ్చుక దొరకినది. బాలుఁడు దీనిని వేఁటగొప్పగా వ్రాసికొనెను. అఱువదియేండ్ల పిదప అదే వ్రాత పిచ్చుకల జతకట్టును తెలుపు పరిశీలనముగా ప్రకటితమైనది. వ్రాసిననాఁటి యుద్దేశము వేఱు, చదివిననాఁటి ప్రయోజనము వేఱు. చూచినదానిని మార్పక వ్రాయుటచే ఆ వ్రాత మిగిలినది. ఆ బాలుఁడే పెద్దవాఁడై 1931–32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను క్రమముగా పరిశీలించెను.

తుపాకి పోయిన నేఁటికాలమున వేఱొక నష్టము కలదు. వలయు, ఉచ్చును పట్టినవారి యెఱుక, వారి వృత్తితోపాటు, వ్రాఁతకెక్కకయే యణఁగిపోవుచున్నది. వేఁటను మాన్పుట ధర్మమే; వేఁటకాని నోటిలోని పదములను పోఁగొట్టుకొనుట ధర్మము కాదు. కోరంగి 1978లో అభయారణ్యమైనది. కొల్లేరు 1999లో అట్లే యైనది, 2002లో రామ్‌సారు పట్టికలో చేరినది. ఈ నీటిపట్టుల పక్షుల శాస్త్రనామములు పట్టికలకెక్కినవి. పడవ నడపువాఁడు, చేప పట్టువాఁడు, చేను కాయువాఁడు వానిని పిలుచు పేర్లు అంత శ్రద్ధతో నెక్కలేదు.

ఈ పనికి రామచంద్రపురమువంటి యూరి బడియే తగినచోటు. ఒక్క గుడ్డికొంగను తీసికొన్నను విషయము తెలియును. అది గట్టున కూర్చున్నప్పుడు మట్టిరంగున కలిసిపోవును. ఎగిరినంతనే తెల్లని ఱెక్కలు బయటపడును. గూడు కట్టు కాలమున వీపు ఎఱ్ఱనై మఱియొక పక్షివలె తోఁచును. మనుష్యుఁడు మిక్కిలి దగ్గఱకు వచ్చువఱకు కదలదు. హిందూస్థానీలోను దీనికి గ్రుడ్డికొంగ యను నర్థముగల పేరే కలదు. ఊడ్పులనాఁడు, కోఁతలనాఁడు, వేసవిలో చెఱువు ఎండిననాఁడు దీనిని చూచి వ్రాసిన యొక విద్యార్థి పుస్తకము, మూఁడు పక్షులని తోఁచినది ఒక్కటియేయని స్థాపింపఁగలదు. అట్టి పుస్తకమున తేదితోపాటు కార్తెను, వేళను, చోటును, సంఖ్యను, చేష్టను, కూఁతను వ్రాయవలెను. పేరును తెలుఁగులిపిలో, చెప్పినవాఁడు పలికినట్లే వ్రాసి, వాని యూరిని, వృత్తిని చేర్పవలెను. చూచినదానిని విన్నదానినుండి వేఱుగా నుంచవలెను. తెలియనిచోట స్థలము విడువవలెను.

1936లో తొలిసంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువు కావ్యప్రయోగములను గుమిగూర్చుటలో చూపిన శ్రద్ధ తెలుఁగువారికి గర్వకారణము. తరువాతి నిఘంటువు అదే శ్రద్ధను ప్రయోగమునకే గాక వస్తువునకును చూపవలెను. జెర్డను, ఎలియట్టుల గ్రంథములలోని తెలుఁగుపేర్లనన్నింటిని ఏరి, తెలుఁగులిపిలోనికి మార్చి, ఆయా మండలముల పలుకుబడితో సరిచూచి ప్రకటించుట సాహిత్యపరిశోధకసంఘములు చేయఁదగిన మొదటి పని. బడిపిల్లల పుస్తకములను ఏఁటేఁట తెప్పించి, వానిలో నిలువఁదగినదానిని ఏర్చి పెట్టుట రెండవది. ఈ రెండును జరిగినచో, పక్షివిశేషమను మాట ప్రక్కన ఆ విశేషమును వ్రాయుటకు నిఘంటుకారునకు ఆధారము దొరకును.